పద్నాలుగో హోల్‌లో నేను చెప్పిన అంకె

మా నాన్నగారు నరసాపురం దగ్గర ఒక మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు ముప్పై మూడు దగ్గర ఆగిపోయినవాడు కనిపిస్తే, ఎర్ర పెన్ను పక్కన పెట్టి కాసేపు కిటికీలోంచి బయటికి చూసేవారు. ఆ తర్వాత ఎక్కడో సగం చేసి వదిలేసిన లెక్కకి రెండు మార్కులు వేసి ముప్పై ఐదు చేసేవారు. "రెండు మార్కుల కోసం ఒకడి బతుకు ఆపేస్తామా అమ్మా" అనేవారు. ఆయన సమాధి కార్యక్రమానికి వచ్చినవాళ్ళలో సగంమంది ఆ రెండు మార్కులవాళ్ళేనని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను ఆ ఇంట్లో పెరిగాను. ఇది సాకుగా చెప్పడం లేదు. సాకు దొరికితే నాకూ బాగానే ఉండేది.

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో కార్ల బ్రేకులు పరీక్షించే కంపెనీలో నేను ఇంజనీర్ని. మా ఆఫీసులో అసలు నిర్ణయాలు మీటింగుల్లో కాదు, శనివారం పొద్దున గోల్ఫ్ కోర్సులో, అంటే గోల్ఫ్ మైదానంలో, జరుగుతాయని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నాకు కోపం వస్తే ఏదో ఒకటి నేర్చుకుంటాను. డ్రైవింగ్ అలాగే నేర్చుకున్నాను, ఈతా అలాగే నేర్చుకున్నాను. యాభయ్యో ఏట గోల్ఫ్ నేర్చుకుంటానంటే మా ఆయన పడీ పడీ నవ్వాడు. చర్చిలో ఆంటీలు "ఈ వయసులో ఇదేం పిచ్చి" అన్నారు. దాంతో పంతం ఇంకా పెరిగింది.

మిషిగన్‌లో చలికాలమంతా కోర్సులు మంచు కింద ఉంటాయి. గాలి నింపి నిలబెట్టిన తెల్లటి పెద్ద గుడారం ఒకటి ఉంది, లోపల పచ్చ చాప మీద నిలబడి బంతులు కొట్టుకోవచ్చు. నాకు పాఠాలు చెప్పడానికి అక్కడున్న ముసలాయన్ని కుదిర్చారు. పొడుగు మనిషి, నల్లటి మనిషి, ఇస్త్రీ మడత చెడని ప్యాంటు. నేను పది బంతులు కొట్టేదాకా చూశారు. తర్వాత మెల్లగా అడిగారు.

"ఆ బంతి మీకేం అన్యాయం చేసింది సిస్టర్?"

సిస్టర్ అనేది ఆయనకి చర్చి అలవాటు. మాకూ అదే అలవాటు గనక నాకు వింతగా అనిపించలేదు. ఆయన్ని నేను కోచ్ అనేదాన్ని. బార్బడోస్ నుంచి వచ్చానని చెప్పగానే నేను క్రికెట్ గురించి అడిగాను. వెస్టిండీస్ అంటే మన ఇళ్ళల్లో ఇంకేం తెలుసు? ఇండియావాళ్ళు ఎవరు కలిసినా ఇదే అడుగుతారని, తనకి బ్యాటు పట్టుకోవడం కూడా సరిగ్గా రాదని చెప్పారు. పరిగెత్తుకొచ్చే బంతి అంటే భయమట. కదలకుండా కూర్చున్న బంతి అయితే ఎంతసేపైనా చూస్తూ ఉండగలనని అన్నారు.

ఆయన కథ నాకు రెండు చలికాలాల పాటు ముక్కలు ముక్కలుగా తెలిసింది. వాళ్ళ ఊళ్ళో ఒక హోటల్‌వాళ్ళ గోల్ఫ్ కోర్సు ఉండేది. చిన్నప్పటి నుంచి అక్కడ టూరిస్టుల బ్యాగులు మోశారు. బ్యాగులు మోసేవాళ్ళు ఆ గడ్డి మీద ఆడకూడదు. సోమవారం మధ్యాహ్నం ఒక్కటే మినహాయింపు, ఆ పూట కోర్సు మూసి ఉంటుంది గనక. వారమంతా ఇతరుల ఆట చూసి, సోమవారం తాను ఆడి, అలా నేర్చుకున్నారు. ఇరవై దాటాక అమెరికా వచ్చారు. కొన్నేళ్ళు చిన్న చిన్న టోర్నమెంట్లు, కారు వెనక సీట్లో నిద్ర, గ్యాస్ స్టేషన్ సింకు దగ్గర గడ్డం గీసుకోవడం. చివరికి పెద్ద టూర్‌లో, అంటే ఏడాది పొడుగునా ఊరూరా జరిగే పెద్ద ప్రొఫెషనల్ పోటీల్లో, ఆడే అర్హత వచ్చింది. రెండు సీజన్లు ఆడారు. ఒకసారి రెండో స్థానం దాకా వెళ్ళారు. పోటీ జరిగే క్లబ్ ముందు ఆయన నిలబడి ఉంటే, పార్క్ చేసే పనివాడనుకుని కొందరు తమ కారు తాళాలు చేతిలో పెట్టేవారట. ఆయన ఆ కార్లు పార్క్ చేసి, తాళాలు ఇచ్చేసి, లోపలికి వెళ్ళి ఆడేవారు. ఈ మాట చెప్పి నవ్వేవారు. నేనైతే ఆ తాళాలు పట్టుకెళ్ళి కోర్సులో ఉన్న చెరువులో పారేసేదాన్ని.

రెండో సీజన్ చివరి టోర్నమెంట్, చివరి రోజు. ఆ రోజు ఆటని బట్టి వచ్చే ఏడాది టూర్‌లో ఉంటారా లేదా అనేది తేలుతుంది. పొడుగు గడ్డిలో పడిన బంతి వెనక క్లబ్, అదే బంతి కొట్టే కర్ర, ఆనించారు. కొట్టకముందే బంతి కదిలింది, ఆటలో అది తప్పు. ఎంత కదిలిందని అడిగితే చిటికెన వేలి గోరు చూపించారు. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆయనే చేయెత్తి తోటి ఆటగాణ్ణి పిలిచి, తప్పుకి జరిమానాగా ఒక దెబ్బ తన లెక్కలో వేయించుకున్నారు. గోల్ఫ్‌లో ఎన్ని దెబ్బల్లో బంతిని హోల్‌లో వేశామన్నదే లెక్క, ఎంత తక్కువైతే అంత గొప్ప. ఆ ఒక్క దెబ్బతో అర్హత పోయింది. మళ్ళీ రాలేదు. నర్సుగా పనిచేసే భార్య వెనక మిషిగన్ వచ్చి, మిగిలిన జీవితమంతా నాలాంటి వాళ్ళకి పాఠాలు చెప్పి గడిపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరూ చూడలేదు కదా కోచ్ అన్నాను.

"నేను చూశాను కదా సిస్టర్."

అంతే. ఆ మాటలో గొప్ప చెప్పుకోవడం ఏమీ లేదు. బయట చలిగా ఉంది అన్నట్టు అన్నారు. భార్య పోయింది, ఆట పోయింది, కానీ ఆ రోజు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన వీపు నిటారుగా అయ్యేది. ఆయనకి మిగిలిన ఆస్తి అదేనని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ చేశాను.

ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం క్లబ్ పట్టుకోవడం కాదు, కార్డు రాయడం. పోటీలో మన లెక్క మనం రాసుకోం. నా కార్డు నాతో ఆడేవాళ్ళ చేతిలో ఉంటుంది, వాళ్ళది నా చేతిలో. ఆట అయ్యాక ఒక్కో హోల్ సరిచూసుకుని ఇద్దరూ సంతకాలు పెడతారు. కొట్టినదాని కంటే తక్కువకి సంతకం పెడితే ఆటగాణ్ణి పోటీలోంచి తీసేస్తారు. బ్రేకుల టెస్ట్ రిపోర్టుల మీద సంతకాలు పెట్టేదాన్ని, నాకు ఇది ఒక్కసారి చెబితే చాలు.

మూడో ఏడు వచ్చేసరికి ఆయన కొన్ని ఆదివారాలు మా తెలుగు చర్చికి వచ్చేవారు. ఒంటరి మనిషి, నేనే పిలిచాను. పాటల మాటలు తెలియకపోయినా కొన్ని రాగాలు తన చిన్నప్పటివేనని, వెనక వరుసలో కూర్చుని ఇంగ్లిష్‌లో పాడుకునేవారు. ఆరాధన అయ్యాక మా వాళ్ళు పెట్టే భోజనంలో ఆవకాయ నాకి, ఇంతేనా కారం అన్నట్టు చూసేవారు. ఆంటీలు ఆయనకి టిఫిన్ డబ్బాలు కట్టివ్వడం మొదలుపెట్టారు.

ఆ ఏడే జబ్బు బయటపడింది. మొదట పాఠం టైములు మర్చిపోయారు. తర్వాత ఇంటి దారి. డాక్టర్ చెప్పిన పేరు ఆయనే నాకు చెప్పారు, చెప్పి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అప్పుడే తన కోరిక కూడా చెప్పారు. గోల్ఫ్ ఆడేవాళ్ళలో ఒక ముచ్చట ఉంది: ముసలితనంలో తన వయసు ఎంతో అన్ని దెబ్బల్లోనే పద్దెనిమిది హోల్సూ పూర్తి చేయడం. ఆయనకి అప్పుడు డెబ్బై ఒకటి. డెబ్బై మూడు కొట్టారు, డెబ్బై రెండు కొట్టారు, డెబ్బై ఒకటి రాలేదు. ఊరికే ఆడిన ఆటలో వస్తే లెక్కలోకి రాదనేవారు. పోటీ ఉండాలి, కార్డు ఉండాలి, సంతకం ఉండాలి. లెక్క పెట్టుకోగలిగినన్నాళ్ళే ఆడగలనని, అది ఎన్నాళ్ళో డాక్టర్ చెప్పలేదని అన్నారు.

మంచు పడే ముందు, అక్టోబర్ చివర్లో, మా ఊరి కోర్సులో యాభై దాటినవాళ్ళకి ఒక పోటీ పెడతారు. ఇద్దరం పేర్లిచ్చాం. మాతో ఆడాల్సిన మూడో ఆయన చలికి భయపడి రాలేదు. అందుకని ఆయన కార్డు నా చేతిలో, నా కార్డు ఆయన చేతిలో. నా ఆట గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, నూట పద్దెనిమిది. ఆయన మాత్రం ఆ రోజు వేరే మనిషి. బంతి చెప్పిన మాట వింటోంది. ఎక్కడున్నామో ఒకటి రెండుసార్లు మర్చిపోయారు, తర్వాతి హోల్ ఎటని నన్ను అడిగారు, కానీ క్లబ్ చేతిలోకి రాగానే చేతులకి అన్నీ గుర్తున్నాయి. నేను మనసులో కూడుకుంటూ వచ్చాను. పదమూడు హోల్స్ అయ్యేసరికి, మిగిలినవన్నీ మామూలుగా ఆడితే సరిగ్గా డెబ్బై ఒకటి.

పద్నాలుగోది నాలుగు దెబ్బల్లో పూర్తి చేయాల్సిన హోల్. మొదటి దెబ్బకి బంతి ఎడమ పక్క రాలిన మేపుల్ ఆకుల్లోకి పోయింది. వెతికి పట్టుకున్నాం. రెండో దెబ్బకి ఇసుక గుంటలో పడింది. మూడోది బయటికి తీశారు. నాలుగోది హోల్ అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఐదోది లోపల పడింది. ఆయన వంగి బంతి తీసుకుని, తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. అక్కడ ఆగి నా ముఖంలోకి చూశారు.

"ఎంత కొట్టాను సిస్టర్?"

ఆయన కళ్ళల్లో లెక్క లేదు. నిజంగా తెలియదు. బడిలో పలక మీద తుడిచేసినట్టు ఖాళీగా ఉంది. నేను కాసేపు చెట్ల వైపు చూశాను. మా నాన్నగారు కిటికీలోంచి ఏం చూసేవారో నాకప్పుడు తెలిసింది.

"నాలుగు" అన్నాను.

ఆయన తల ఊపారు. నేను నాలుగు రాశాను. ఆ తర్వాత నాలుగు హోల్సూ ఒక్క పొరపాటు లేకుండా ఆడారు. చివరి బంతి లోపల పడ్డాక నేను కూడి చూపించాను. ఎప్పుడూ ఒక్కో హోల్ వేలు పెట్టి సరిచూసే మనిషి, ఆ రోజు చూడలేదు. మీరు రాశారు కదా సిస్టర్, చాలు అని సంతకం పెట్టారు. నేనూ పెట్టాను. క్లబ్‌వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఆ కార్డు తీసుకెళ్ళి గోడకి పిన్ చేశారు. ఆయన నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన టీ చల్లారబెట్టుకుంటూ తేలిగ్గా తీసేశాడు. "ఫోర్ అని రాస్తే ఏమైపోయిందిప్పుడు? పెద్దాయన హ్యాపీగా ఉన్నాడుగా, వదిలేయ్." మా నాన్నగారు కూడా అదే అనేవారని సర్దిచెప్పుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో కోచ్ లేచి నిలబడ్డారు. ఎవరైనా తమ జీవితంలో దేవుడు చేసిన మేలు గురించి చెప్పుకునే సమయం అది. ఇంగ్లిష్ సరిగ్గా అర్థంకాని పెద్దవాళ్ళ కోసం తెలుగులో చెప్పమని పాస్టర్ గారు నన్ను ముందుకి పిలిచారు. కోచ్ ఒక్కో వాక్యం చెబుతున్నారు, నేను పక్కన నిలబడి మైకులో తెలుగు చేస్తున్నాను. తన తలలోంచి ఒక్కొక్కటే జారిపోతున్నాయని, కానీ దేవుడు తనకి ఒక్క రోజు తిరిగిచ్చాడని చెప్పారు. తన కార్డు రాసింది ఈ సిస్టరేనని, తాను లెక్క మర్చిపోయిన చోట తన తరఫున నిజం గుర్తుపెట్టుకుందని చెప్పారు. అది కూడా నేను తెలుగు చేశాను. నా గొంతు గట్టిగానే వచ్చింది. ఆంటీలు కళ్ళు తుడుచుకున్నారు. నేను వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను, ఆ రోజు భోజనం ముట్టుకోలేకపోయాను.

మూడు రోజుల తర్వాత గుడారంలో పాఠానికి వెళ్ళాను. జ్ఞాపకం నిలవడానికి డాక్టర్ ఆయనకి ఒక కసరత్తు చెప్పాడు, పాత సంగతులు వరసగా పైకి చెప్పుకోవడం. ఆయన ఆ పోటీ ఆటని మొదటి హోల్ నుంచి చెప్పుకుంటున్నారు. ఏ దెబ్బకి ఏ క్లబ్, గాలి ఎటు, బంతి ఎక్కడ పడింది. నిన్న ఏం తిన్నారో తెలియని మనిషికి ఇదంతా ఎలా వస్తోందో నాకు అర్థం కాలేదు. పద్నాలుగుకి వచ్చారు. ఆకులు, ఇసుక, బయటికి, అంచు, లోపలికి. ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టి వేళ్ళు మడిచారు. ఐదో వేలు మడిచి, ఆ పిడికిలి వైపు చూస్తూ ఉండిపోయారు.

"నేను ఐదు కొట్టాను. నాలుగుకి సంతకం పెట్టాను."

అప్పుడు చెప్పేయాల్సింది. నోట్లోనే ఉంది మాట. మీరు అడిగారు, నేనే అబద్ధం చెప్పాను అంటే అయిపోయేది. నేను అన్న మాట వేరు.

"మీకు సరిగ్గా గుర్తుండి ఉండదు కోచ్."

నాలుగు అని రాయడం జాలితో చేశాను. ఈ మాట పిరికితనంతో అన్నాను. ఆయన జబ్బుని తీసి ఆయన మీదికే విసిరాను. ఆయన నన్ను తప్పుపట్టలేదు, అనుమానంగా చూడనైనా లేదు. తన పిడికిలి విప్పుకుని, చేతులు పరాయివాళ్ళవైనట్టు చూసుకున్నారు. మర్నాడు క్లబ్‌కి వెళ్ళి గోడ మీది కార్డు పిన్ తీసి, తప్పుడు సంతకం పెట్టానని, తన పేరు కొట్టేయమని రాసిచ్చారట. పోనివ్వండి సార్ అని వాళ్ళు ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత గోల్ఫ్ కర్ర ముట్టుకోలేదు. నా తల నన్ను మోసగాణ్ణి చేసింది సిస్టర్ అని ఒకసారి అన్నారు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

జనవరిలో మంచులో కారు నడుపుతూ దారి తప్పిపోయారు. ఫ్లోరిడా నుంచి కూతురు వచ్చింది, అక్కడ ఒక వృద్ధుల హోమ్‌లో చేర్చడానికి. అపార్ట్‌మెంట్ సర్దుతుంటే సాయానికి వెళ్ళాను. కూతురు కిందికి అట్టపెట్టెలు తీసుకెళ్ళినప్పుడు, ఆయన బ్యాగులో క్లబ్బులు పెడుతూ మొత్తం చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. నాన్నగారి ఎర్ర పెన్ను సంగతి కూడా చెప్పాను. ఆయన మంచం అంచున కూర్చుని విన్నారు.

"ఆ పిల్లలకి తెలుసా, మాస్టారు రెండు మార్కులు వేశారని?"

తెలుసు అన్నాను.

"నాకు తెలీదు" అన్నారు.

ఆ తర్వాత నా తల మీద చేయి పెట్టి క్షమించానని చెప్పారు. తను మోసం చేయలేదన్నమాట అని రెండుసార్లు అనుకున్నారు. మళ్ళీ ఆ వీపు నిటారుగా అయ్యింది. నేను మంచులో ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, మూడు నెలల తర్వాత హాయిగా పడుకున్నాను. క్లబ్‌కి కూడా నిజం రాసి పంపాను.

పది రోజులకి ఆయన ఫోన్ చేశారు. గొంతు తగ్గించి, పక్కన ఎవరూ వినకూడదన్నట్టు, ఒక సంగతి అడగాలి సిస్టర్ అన్నారు. పద్నాలుగో హోల్‌లో నేను మోసం చేశానా అని అడిగారు. నేను చెప్పింది పోయింది. క్షమించింది పోయింది. సిగ్గు ఒక్కటే మిగిలింది.

అప్పటినుంచి ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పానో. ప్రతిసారీ ఆయనకి అది మొదటిసారే. ఒక్కోసారి నవ్వి క్షమించారు. ఒక్కోసారి ఆ హోల్ మొత్తం మళ్ళీ చెప్పించుకున్నారు. ఒకసారి కోపంతో ఫోన్ పెట్టేశారు, అది నాకు కాస్త నయమనిపించింది. రెండుసార్లు సెలవు పెట్టి వెళ్ళి చూసొచ్చాను. నా పేరు రాకపోయినా మనిషిని గుర్తుపట్టేవారు.

ఈ వసంతంలో వెళ్ళినప్పుడు గుర్తుపట్టలేదు. హోమ్ వెనక వరండాలో కూర్చుని ఉన్నారు, ప్యాంటు ఇస్త్రీ మడత అలాగే ఉంది. పక్క కుర్చీలో కూర్చున్నాను. ఎవరో సందర్శకురాలు అనుకుని మర్యాదగా పలకరించారు. కాసేపయ్యాక ముందుకి వంగి, మీతో ఒక మాట చెప్పుకోవచ్చా అని అడిగారు. తాను ఒకప్పుడు గోల్ఫ్ ఆడేవాడినని, ఒక కార్డు మీద తప్పుడు లెక్కకి సంతకం పెట్టానని చెప్పారు. ఐదుకి నాలుగు.

మీరు తెలిసి పెట్టలేదు, మీ కార్డు రాసిన మనిషే అబద్ధం రాసింది అన్నాను.

ఆయన మెల్లగా తల అడ్డంగా ఊపారు. తెలియకుండా ఎవరి గురించో చెడ్డగా మాట్లాడుతున్నందుకు నన్ను కాస్త మందలిస్తున్నట్టు చూశారు.

"లేదమ్మా, నా కార్డు రాసింది మా సిస్టర్. ఆవిడ అలాంటి మనిషి కాదు."